సేవ చేసేవారికీ ఊపిరాడాలి

హిజ్రీ 2వ సంవత్సరం రంజాన్ మాసంలో ముస్లిములు బద్ర్ వైపు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) వారి వెంట వెళ్ళలేదు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రమైన జబ్బుతో మంచంపట్టి ఉన్నారు. ఆమెకు సేవ చేస్తూ మదీనాలోనే ఉండిపొమ్మని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. అంతటితో ఆగక, బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తికి లభించే పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా రెండూ ఆయనకు ఉంటాయని చెప్పారు. ఈ విషయం బుఖారీ గ్రంథంలో ఉంది. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్యా (రజి) ఖననం జరుగుతోందని చరిత్రకారులు రాశారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఉస్మాన్ (రజి) ఔన్నత్యాన్ని చెప్పడానికే ఉదహరిస్తాము. అందులో మరొక సంగతి కూడా ఉంది. రోగి పక్కన కూర్చోవడం అనే పనిని దైవప్రవక్త (స) ఖాళీగా ఉన్నవారు చేసే చిల్లర పనిగా చూడలేదు. దానిని రణరంగంలో నిలబడటంతో సమానంగా లెక్కగట్టారు. అంతటి పని చేసేవారు అలసిపోతారన్న సంగతి మాత్రం మన ఇళ్ళలో ఎవరికీ తట్టదు.

పక్షవాతంతో కుడిపక్క పడిపోయిన అత్తగారు ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాము. ఊహించుకోవలసిన అవసరం కూడా చాలామంది పాఠకులకు ఉండకపోవచ్చు. ఫజ్ర్‌కు ముందే డైపర్ మార్చాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ముక్కులో గొట్టం ఉంటే పాలు, జావ వడగట్టి కొలత ప్రకారం పోయాలి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర వేళ తప్పకూడదు. బట్టలకు ఏదైనా అంటితే నమాజు సంగతేమిటన్న బెంగ ఒకటి. అందుకే చాలామంది ఇల్లాళ్ళు నమాజు కోసం ఒక జత బట్టలు విడిగా గోడకు తగిలించి ఉంచుకుంటారు. మధ్యలో పిల్లల బడి, వంట, చూడటానికి వచ్చే చుట్టాలకు చాయ్. రాత్రి పన్నెండు దాటాక మంచం మీది నుంచి పిలుపు. ఇలా ఒక వారం కాదు, ఒక నెల కాదు, నాలుగేళ్ళు, ఆరేళ్ళు.

బనీ ఇస్రాయీల్ సూరా 23వ వాక్యంలో, వృద్ధాప్యానికి చేరుకున్న తల్లిదండ్రుల ముందు ‘ఉఫ్’ అని కూడా అనరాదని అల్లాహ్ ఆదేశించాడు. ‘ఉఫ్’ అనేది మాట కాదు. విసుగుతో బయటికి వదిలే ఊపిరి. అరబ్బీ తెలియనివారికి కూడా ఆ ధ్వని అర్థమవుతుంది. మూడోసారి దుప్పటి తడిసినప్పుడు, పోసిన జావ అంతా కక్కేసినప్పుడు, ఆ ఊపిరి తనంతట తానే బయటపడుతుంది. వెంటనే భయం పుడుతుంది: ఇన్నేళ్ళ సేవా ఈ ఒక్క విసుగుతో మట్టిలో కలిసిపోయిందేమోనని. నిద్రలేమి ఒకవైపు, ఈ అపరాధభావం మరొకవైపు. పాఠకుల ఇళ్ళలో మేము విన్నవాటిలో అలసట గురించిన మాటలకన్నా ఈ భయం గురించిన మాటలే ఎక్కువ.

ఈ అలసట కేవలం మనసుకు సంబంధించినది కాదని వైద్యులు ఏనాడో నిర్ధారించారు. 1995లో అమెరికాలో మతిమరుపు జబ్బు ఉన్నవారికి సేవ చేసే స్త్రీల చేతిపై చిన్న గాటు పెట్టి, అది మానడానికి ఎన్ని రోజులు పడుతుందో చూశారు. అదే వయసులో ఉండి అటువంటి బాధ్యత లేని స్త్రీలకన్నా వారికి సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. 1999లో వెలువడిన మరో అమెరికా అధ్యయనం ఇంకా కలవరపరిచేది. జబ్బుపడిన జీవిత భాగస్వామికి సేవ చేస్తూ, ఆ సేవవల్ల ఒత్తిడికి లోనైన వృద్ధులలో నాలుగేళ్ళ కాలంలో మరణాల అవకాశం, అటువంటి బాధ్యత లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తున్నా ఒత్తిడికి లోనుకాని వారిలో ఈ తేడా ఆ విధంగా కనిపించలేదు. అంటే ప్రాణం తీసేది సేవ కాదు. సేవ చేసేవారిని ఒంటరిగా వదిలేయడం.

ఒత్తిడిలో ఉన్నవారి శరీరం ఎల్లప్పుడూ ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, భుజాలు పైకి లేచి బిగుసుకుంటాయి, ఊపిరి కడుపు దాకా దిగకుండా ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. నిద్రలో కూడా చెవి మేల్కొనే ఉంటుంది. నెలల తరబడి ఇదే స్థితి కొనసాగితే తలనొప్పి, కడుపులో మంట, నడుమునొప్పి, అకారణంగా కోపం, అకారణంగా ఏడుపు. “ఈమాన్ బలహీనంగా ఉంది, అందుకే ఇలా” అని ఎవరైనా అంటే, యూసుఫ్ సూరాను ఒకసారి తెరిచి చూడమనండి. యాఖూబ్ (అలై) దుఃఖంతో కళ్ళు తెల్లబడిపోయేంతగా కుమిలిపోయారని 84వ వాక్యం చెబుతోంది. ఆయన ప్రవక్త. ఆయన విశ్వాసంలో లోటు లేదు. దైవప్రవక్త (స) సైతం ఆందోళన నుంచి, దుఃఖం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. శరణు వేడుకోదగినంతటి కష్టమే అది.

ఈ స్థితిని సడలించడానికి వైద్యులు ఇటీవల సూచిస్తున్న మార్గాలలో యోగచికిత్స ఒకటి. పత్రికలో ఈ మాట చూడగానే కొందరు పాఠకులు కనుబొమలు ముడిచే అవకాశముంది. కనుక ముందు ఆ చిక్కునే విప్పుదాము.

యోగా అంటే ఏది, ఎంతవరకు

యోగా అనే ఒకే పేరు కింద పలు విషయాలు కలిసి ఉన్నాయి. ఆత్మ, పరమాత్మల ఐక్యతను గురించిన తత్త్వచింతన ఒకటి. మంత్రజపం, దేవతాస్మరణ, సూర్యునికి చేసే నమస్కారాలు మరొకటి. కండరాలు, కీళ్ళు, వెన్నెముకను సడలించే భంగిమలు, శ్వాసను నెమ్మదింపజేసే అభ్యాసాలు ఇంకొకటి. మొదటి రెండింటికీ తౌహీద్‌ను నమ్మినవారి జీవితంలో తావు లేదు. ఈ విషయంలో మెత్తటి మాటలు అనవసరం. మూడవది శరీరానికి సంబంధించినది. నడక, ఈత, ఫిజియోథెరపీ వంటిదే.

ఈ విభజన మేము చేసినది కాదు. 2009 జనవరిలో ఇండోనేషియా ఉలమా మండలి ఇదే గీత గీసింది: మంత్రాలు, పూజాంశాలు ఉన్న యోగా నిషిద్ధం, కేవలం వ్యాయామంగా చేసేది నిషిద్ధం కాదు. దానికి రెండు నెలల ముందు మలేసియా ఫత్వా మండలి కఠినంగా వ్యవహరించగా, అక్కడి ప్రధానమంత్రి మంత్రోచ్చారణ లేని శారీరక వ్యాయామం చేసుకోవచ్చని వివరణ ఇచ్చారు. 2017 నవంబరులో సౌదీ అరేబియా యోగాను క్రీడా కార్యకలాపంగా గుర్తించింది. మన దేశంలో 2015 జూన్ 21న మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగినప్పుడు ముస్లిం పర్సనల్ లా బోర్డు ప్రధానంగా అభ్యంతరం చెప్పినది సూర్య నమస్కారాల వంటి అంశాలకే. ఆ అభ్యంతరం సమంజసమైనది. ఒక పౌరుని శరీరం ఎవరి ముందు వంగాలో నిర్ణయించే హక్కు ఇతరులకు లేదు. అయితే ఆ వివాదపు వేడిలో, నడుము పట్టేసిన కోడలు చాపమీద పడుకుని పది నిమిషాలు నిండుగా ఊపిరి తీసుకోవడం కూడా తప్పన్నట్లు కొన్ని ఇళ్ళలో మాట పాకిపోయింది. అది వేరు, ఇది వేరు.

చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త చర్చ కూడా కాదు. పదకొండవ శతాబ్దంలోనే అల్‌బీరూనీ పతంజలి గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చాడు, అందులో ఏముందో తెలుసుకోవడానికి. పదహారవ శతాబ్దంలో గ్వాలియర్‌కు చెందిన షేఖ్ ముహమ్మద్ గౌస్ యోగ సాధనలపై ‘బహ్రుల్ హయాత్’ అనే పారశీక గ్రంథం వెలువరించారు. ఆ సూఫీ మార్గాన్ని ఉలమాలందరూ ఆమోదించలేదు, మేమూ దానిని ఆదర్శంగా చూపడం లేదు. తెలుసుకోవడానికి, నమ్మడానికి మధ్య తేడా మన పూర్వీకులకు తెలుసునని చెప్పడమే మా ఉద్దేశం.

మరొక పొరపాటు వ్యతిరేక దిశలో జరుగుతుంటుంది. “నమాజే గొప్ప యోగా; రుకూ ఈ ఆసనం, సజ్దా ఆ ఆసనం” అని కొందరు ఉత్సాహంగా ప్రసంగిస్తారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నమాజు వ్యాయామం కాదు. అది ఆరాధన. అది వెన్నుకు మేలు చేసినా చేయకపోయినా విధే. ఇక వ్యాయామం ఆరాధన కాదు. దాని నుంచి అల్లాహ్ సామీప్యాన్ని ఆశించనవసరం లేదు. రెండింటినీ కలిపితే రెండూ పలచబడతాయి.

పరిశోధనలు చెప్పేది

ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరులోని నిమ్హాన్స్. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుంచి మానసిక రోగులను తీసుకుని అక్కడికి వెళ్ళే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడి వైద్యులు తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఇంటివద్ద సేవ చేసే 29 మందిపై ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. వారిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు నాలుగు వారాలు యోగా నేర్పి, తరువాత ఇంట్లో సాధన చేయమన్నారు. రెండవ జట్టును కొంతకాలం వేచి ఉండమన్నారు. మూడు నెలల తరువాత చూస్తే యోగా చేసినవారు తమ మీద ఉన్న భారం తగ్గినట్లు, జీవనం మెరుగుపడినట్లు తెలిపారు. రోగి మారలేదు. ఇల్లు మారలేదు. మోసేవారి భుజం కొంత గట్టిపడింది.

అదే 2013లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ పరిశోధకులు మతిమరుపు రోగుల కుటుంబ సేవకులు 39 మందిపై మరో ప్రయోగ ఫలితాలు వెల్లడించారు. రోజుకు 12 నిమిషాల చొప్పున 8 వారాలు ఒక ధ్యానపద్ధతి పాటించినవారిలో, ఊరికే మృదువైన సంగీతం విన్నవారికన్నా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. అయితే ఆ పద్ధతిలో నాలుగు అక్షరాల మంత్రజపం ఉంది కనుక అది మనకు పనికిరాదు. మేలు జపం వల్ల కలిగిందా, నెమ్మదైన ఊపిరి వల్లనా, రోజూ పన్నెండు నిమిషాలు తనకంటూ దొరికినందువల్లనా అన్నది ఆ ప్రయోగం విడదీసి చూపలేదు. ఇంతకూ ఇవన్నీ చిన్న అధ్యయనాలు. యోగా సర్వరోగ నివారిణి అని చెప్పేవారి మాటలు నమ్మవలసిన పని లేదు. నష్టం లేనిది, ఖర్చు లేనిది, కొంత మేలు చేసే అవకాశమున్నది అన్నంతవరకే మా మాట.

నెమ్మదైన ఊపిరి వెనుక ఉన్న కారణం మాత్రం స్పష్టమైనదే. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ అనే నాడి ఈ నెమ్మదింపుకు పగ్గం వంటిది. వదిలే ఊపిరి పొడవైతే ఆ పగ్గం బిగుస్తుంది. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల వద్ద ఈ ప్రభావం బాగా కనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. మనం మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు శ్వాసిస్తాము.

ఇంట్లో, పది నిమిషాలలో

సేవ చేసేవారికి గంటసేపు తరగతికి వెళ్ళే తీరిక ఉండదు. కనుక ఫజ్ర్ తరువాత రోగి మళ్ళీ నిద్రలోకి జారిన వేళ, లేదా అస్ర్‌కు మగ్రిబ్‌కు నడుమ ఎవరైనా పిల్లలు దాదీ పక్కన కూర్చున్న వేళ పది నిమిషాలు చాలు. కడుపు నిండుగా ఉండకూడదు. భోజనం చేసి మూడు గంటలైనా గడవాలి. ప్రత్యేకమైన దుస్తులు అక్కరలేదు, వదులైన సల్వార్ కమీజు సరిపోతుంది. నేలమీద చాపగాని దుప్పటిగాని పరచుకోండి. జానమాజ్ మీద చేయవద్దు. దాని పని దానికి ఉంచండి.

మొదట నిలబడి, పాదాలు కాస్త ఎడంగా ఉంచి, ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ పైకి చాచి, వదులుతూ దించండి. ఐదుసార్లు. తరువాత భుజాలను చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేయండి. రోగిని ఎత్తి, తిప్పి బిగుసుకున్న మెడ ఇక్కడే సగం సడలుతుంది. పిదప మోకాళ్ళు, అరచేతులు నేలకు ఆనించి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్లు వెన్నును నెమ్మదిగా పైకి వంచి, కిందికి దించాలి. దీనినే మార్జాలాసనం అంటారు. నడుమునొప్పితో బాధపడే సేవకులకు అన్నిటికన్నా ఎక్కువ ఊరటనిచ్చేది ఇదే. అక్కడి నుంచి చాలామంది గురువులు నుదురు నేలకు ఆనించే శశాంకాసనానికి తీసుకువెళతారు. అది చూపునకు సజ్దాను పోలి ఉంటుంది. ఉద్దేశం వేరైనా మనసుకు సంకోచంగా ఉంటే దానిని వదిలేయండి. ఏ ఒక్క భంగిమా తప్పనిసరి కాదు. దాని బదులు వెల్లకిలా పడుకుని మోకాళ్ళను ఛాతీ దగ్గరికి తెచ్చుకుంటే నడుముకు అదే సడలింపు దొరుకుతుంది.

ఆ తరువాత వెల్లకిలా పడుకుని, పిక్కలు మంచంపట్టె మీద గాని కుర్చీ మీద గాని ఆనేలా కాళ్ళు పైకి పెట్టుకోండి. రోజంతా నిలబడి వాచిన పాదాలకు ఇది సుఖం. ఒక అరచేయి పొట్టమీద ఉంచండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పొట్ట పైకి లేచి కిందికి దిగాలి, ఛాతీ కాదు. మంత్రం అక్కరలేదు, అంకెలు చాలు. ఐదు నిమిషాలలో ముప్ఫై శ్వాసలవుతాయి. మొదటి రెండు రోజులు మనసు వంటగదికే పరుగెడుతుంది, కునుకు కూడా పట్టవచ్చు. కునుకు పడితే మరీ మంచిది.

భ్రామరి అనే అభ్యాసం కూడా ఉంది. నోరు మూసి, ఊపిరి వదిలేటప్పుడు తుమ్మెదలా సన్నగా గొంతులో ధ్వని చేయడమే. అందులో పదమేదీ లేదు. కొందరు శిక్షకులు అక్కడ ‘ఓం’ కలుపుతారు. “మేము ఉత్త ధ్వనితోనే చేస్తాము” అని మర్యాదగా చెప్పండి. అర్థం చేసుకోని శిక్షకులను మేము ఇంతవరకు పెద్దగా చూడలేదు. స్త్రీలు స్త్రీల వద్దనే నేర్చుకోవడం ఉత్తమం. అసలు మొదటి నాలుగు రోజులు ఫిజియోథెరపీ కోసం ఇంటికి వచ్చేవారినే అడిగినా వెన్నుకు సంబంధించిన కదలికలు సరిగ్గా చూపిస్తారు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. బీపీ ఎక్కువగా ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి, పొట్టను వేగంగా కొట్టే కపాలభాతి జోలికి పోకూడదు. కంటిలో ఒత్తిడి, అంటే గ్లాకోమా ఉన్నవారు తల కిందికి వచ్చే భంగిమలు చేయరాదు. తల తిరిగితే వెంటనే ఆపి మామూలుగా శ్వాసించాలి. రంజానులో ఉపవాసంతో ఉన్నప్పుడు శ్వాస అభ్యాసం వరకే పరిమితం కావడం మంచిది.

వ్యాయామం మాట అలా ఉంచి, నడుమును కాపాడే మరో విద్య రోగిని కదిలించే తీరులో ఉంది. నడుము వంచి ఎత్తకూడదు. మోకాళ్ళు వంచి, రోగిని మీ ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, మెలి తిరగకుండా లేవాలి. రోగి కింద అడ్డంగా ఒక మడత దుప్పటి పరచి ఉంచితే, దాని అంచులు ఇద్దరు చెరొకవైపు పట్టుకుని సులువుగా జరపవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే నర్సమ్మను అడిగి ఇది చేసి చూపించమనాలి.

ఇక ‘ఉఫ్’ గురించి. కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని దైవప్రవక్త (స) బోధించారు, అబూదావూద్‌లో ఉంది. కోపాన్ని శరీరం నుంచి దించే మార్గం అది. జావ కక్కిన ఆ క్షణంలో నోటికి ఏదైనా రాకముందే ఒక అడుగు వెనక్కి వేసి, కూర్చుని, మూడు పొడవైన శ్వాసలు వదిలి, అప్పుడు గుడ్డ అందుకోండి. మూడు శ్వాసలకు అరనిమిషం పడుతుంది. జావ ఎక్కడికీ పోదు.

ఆరాధన మాటకొస్తే, అలసిన చేతులకు దైవప్రవక్త (స) స్వయంగా ఇచ్చిన కానుక మనవద్ద ఉండనే ఉంది. తిరగలి విసిరి విసిరి చేతులు నొప్పిపెడుతున్నాయని, ఒక పనిమనిషి కావాలని హజ్రత్ ఫాతిమా (రజి) అడిగినప్పుడు, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని, అది పనిమనిషికన్నా మేలని ఆయన బోధించారు. ఆ జిక్ర్‌ను ఊపిరి లెక్కకు పనిముట్టుగా మార్చవద్దు. అంకెలను వ్యాయామానికి ఉంచి, జిక్ర్‌ను పడక మీద, మనసు పెట్టి చేయండి.

ఒక్కరి భుజం మీదనే ఎందుకు

ఇంతవరకు చెప్పినదంతా మోసేవారిని కాస్త గట్టిపరచడం గురించే. బరువు పంచుకోవడం గురించి మాట్లాడకపోతే ఈ వ్యాసం అన్యాయమవుతుంది. తల్లిదండ్రుల సేవ గురించిన ఖుర్ఆన్ ఆదేశం సంతానానికి. కొడుకులకు, కూతుళ్ళకు. అత్తమామలకు సేవ చేయడం కోడలిపై షరీఅత్ విధించిన చట్టబద్ధమైన బాధ్యత కాదని, అది ఆమె చూపే ఔదార్యమని ఫిఖ్‌హ్ పండితులలో చాలామంది చెప్పారు. మన ఇళ్ళలో ఇది తలకిందులైంది. కొడుకు దుకాణం నుంచి వచ్చి “అమ్మీ ఎలా ఉంది?” అని అడిగితే సేవ పూర్తయినట్లు. కువైట్ నుంచి, రియాద్ నుంచి వీడియోకాల్ చేసి “భాబీ, కాస్త బాగా చూసుకోండి” అంటే బాధ్యత తీరినట్లు. ఆస్తి పంపకం వేళ ఎవరి వాటా ఎంతో దమ్మిడీతో సహా తెలిసిన అన్నదమ్ములకు, సేవలో తమ వాటా ఎంతో ఎందుకు గుర్తుండదో మాకు అర్థం కాదు.

జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) తల్లిదండ్రులు బతికి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపివేశారు. ఆ వచ్చినవాడు పురుషుడు. తన బదులు భార్యను పంపమని ఆయనకు చెప్పలేదు.

కనుక ఇంటి పెద్దలు కూర్చుని ఒక కాగితం మీద రాయాలి. రాత్రి రెండు గంటలకు తిప్పేది ఎవరు? ఆదివారం స్నానం చేయించేది ఎవరు? తండ్రికైతే కొడుకే చేయించాలి, అది కోడలి మీద వేయరాదు. విదేశాల్లో ఉన్నవారు డబ్బు పంపితే, ఆ డబ్బుతో రోజుకు ఆరుగంటలు ఆయాను పెట్టవచ్చు. సెలవుపై వచ్చినప్పుడు ఆ నెలంతా అమ్మ మంచం పక్కన వారే పడుకుని, వదినను పుట్టింటికి పంపవచ్చు. కూతుళ్ళు ఉన్న ఊరిలోనే ఉంటే వారంలో ఒక రోజు వారిది. తన శరీరానికి, తన ఇంటివారికి హక్కులు ఉన్నాయని హజ్రత్ సల్మాన్ (రజి) తన సహోదరుడు అబూ దర్దా (రజి)కు గుర్తుచేసినప్పుడు దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పినదే నిజమన్నారు. రాత్రంతా నమాజులో నిలబడే వ్యక్తికే శరీరపు హక్కు గుర్తుచేశారంటే, రాత్రంతా రోగి పక్కన నిలబడే స్త్రీకి గుర్తుచేయనక్కరలేదా?

కేరళలోని మలప్పురం, కోళిక్కోడ్ ప్రాంతాల ముస్లిములు ఈ విషయంలో మనకన్నా ముందున్నారు. కోళిక్కోడ్‌లో 1993లో వైద్యులు మొదలుపెట్టిన ఉపశమన సేవ క్రమంగా చుట్టుపక్కల మహల్లాలలోకి, పంచాయతీలలోకి పాకింది. నర్సుతో పాటు ఇరుగుపొరుగువారు వంతులవారీగా మంచంపట్టినవారి ఇళ్ళకు వెళ్ళి, పుండు కడిగి, కాసేపు కూర్చుని వస్తారు. 2008లో కేరళ ప్రభుత్వం ఇందుకోసం ఒక విధానాన్నే ప్రకటించింది. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ప్రభుత్వ ఉపశమన కేంద్రాలు ఇదే తరహా సేవ అందిస్తున్నాయి, ఇంటికి వచ్చే బృందాలూ ఉన్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి. మన మస్జిద్ కమిటీలు జనాజాకు వంద మందిని సమకూర్చగలవు. ఆ రోగి బతికి ఉన్నప్పుడు వారానికి ఇద్దరిని సమకూర్చడం అంతకన్నా కష్టమా? మహల్లాలోని స్త్రీలు జుమా నాడు ఇద్దరు చొప్పున ఒక ఇంటికి వెళ్ళి రెండు గంటలు కూర్చుంటే, ఆ ఇంటి కోడలు నిద్రపోతుంది. రోగిని పరామర్శించి చాయ్ తాగి వెళ్ళడంకన్నా, చాయ్ వాళ్ళే పెట్టి ఆమెకు ఇచ్చి వెళ్ళడం మేలు.

యోగా, జిక్ర్, బంధువుల చేయూత అన్నీ ఉన్నా తగ్గని స్థితి ఉంటుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, గుండెదడతో ఊపిరాడనట్లు అనిపించడం, రోగికి గాని తనకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన రావడం జబ్బు లక్షణాలు. వాటికి వైద్యం ఉంది. అది షుగర్‌కు మందు వేసుకోవడం వంటిదే, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పేరు చెప్పనక్కరలేదు. వృద్ధుల సంరక్షణకు సంబంధించిన సలహాల కోసం 14567 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లనూ రోగి మందుల చీటీ అంటించిన గోడ మీదనే పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.